నీడ బాడుగ

అరవై మూడో నంబరు గాలిమర కింద
నాది రాత్రి కాపలా.
రేకుల గది, ఒక టార్చి, ఒక విజిలు, ఒక రిజిస్టరు.
రిజిస్టర్లో రోజూ ఒకటే మాట రాస్తా:
అంతా సరిగానే ఉండాది.

మొదట మా బెళుగుప్ప మిట్ట మీదికి
గాలిని కొలిచే కడ్డీ ఒకటి వచ్చింది.
ఏడాదిన్నర నిలబడింది, ఒంటికాలి కొంగ మాదిరి.
గాలిని కొలిచేదేంది, శేర్లతోనా, పడులతోనా
అని నవ్వుకున్నాం.
అది మా నవ్వును గూడా కొలుచుకోనుంటాది.

తర్వాత రోడ్డు.
తర్వాత గుంత. మా ఊరి ఇండ్లన్నిటికీ
పట్టనంత సిమెంటును
ఒక్క రాత్రిలో తాగి, పొద్దున్నే గట్టిపడింది.

రెక్క వచ్చిన రోజు మాత్రం మరుపు రాదు.
మా వీధి కంటే పొడుగు.
మలుపు కాడ నాగప్ప టీ అంగడి చూరు ఊడదీసి,
రెండు యాపకొమ్మలు నరికి,
కరెంటు తీగల్ని గెడకర్రతో పైకెత్తి పట్టుకుంటే
గంటన్నర సేపు తిరిగింది ఆ ఒక్క మలుపు.
బడిపిల్లోళ్లు పక్కనే నడిచి అడుగులు లెక్కబెట్టినారు.
ఒకడు నూటాయాభై అన్నాడు.
ఒకడు నడిమధ్యలో లెక్క మరిచి
మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టినాడు.

టవరు నిలబడిన భూమి మారెన్నది.
ఆ దుడ్లతో బండి కొన్నాడు, పండ్లు కట్టించుకున్నాడు,
ఇప్పుడు నవ్వితే ఎవరో కొత్తాయన నవ్వినట్టుంటాది.

గట్టుకు తూరుపున కుళ్ళాయమ్మ కొర్రచేను.
రెండెకరాలు. ఆమెకు వచ్చింది నీడ.

పొద్దు వాలితే మూడు రెక్కల నీడ గట్టు దాటుతుంది,
ఒకటి,
ఒకటి,
ఇంకొకటి,
చేను మీద ఎవరో చాప దులుపుతా ఉన్నట్టు.
మేకపిల్ల బెదురుతాది.
కుళ్ళాయమ్మ చేతిలో కొడవలి ఒక క్షణం ఆగి, మళ్లీ కదులుతాది.

"దినామూ నా చేన్లో పొర్లాడి పోతాదే,
దీనికి బాడుగ ఎంత సారూ?"
అని అడిగింది సైటు ఇంజినీరు సెల్వాన్ని.
ఆయన తమిళంలో నవ్వి
తెలుగులో చెప్పినాడు:
"అగ్రిమెంటులో నీడ లేదమ్మా."

సెల్వం సారు మంచోడే.
నడుముకు బెల్టు కట్టుకొని టవరు కడుపులో నిచ్చెన ఎక్కుతాడు.
పైన గాలి సల్లగుంటాదా సారూ అంటే
"పైన నూనె వాసన" అంటాడు.
ఆయనే ఒకసారి చెప్పినాడు:
గాలి పడిపోయిన దినం ఈ మర గూడా
లైనులోంచి కరెంటు తీసుకుంటాదంట, మన ఇండ్ల మాదిరే.
ఆ పొద్దు నుంచి దీని మీద నాకు కొంచెం ప్రేమ.

భాద్రపదంలో ఒక సాయంత్రం,
తలగుడ్డ నిలవనంత గాలి.
అప్పుడు ఫోనొచ్చింది, ఆపేయమని.
ఎక్కడెక్కడో వానలు పడినాయంట,
కరెంటు ఎవరికీ వద్దంట.
రెక్కలు గాలికి పక్కకు తిరిగి మెల్లగా నిలిచిపోయినాయి.
నీడ కొర్రచేన్లో ఎక్కడిదక్కడ పడుకునింది.
గాలి మాత్రం ఆగలేదు.
దానికి ఫోను లేదు.

ఇంతలో కుళ్ళాయమ్మ వచ్చింది, మూటలు మోసుకొని.
క్రేను నిలబెట్టేదానికి చదును చేసిన జాగాలో
టార్పాలు పరిచి, బోర్లించిన డ్రమ్ము ఎక్కి,
చాట పైకెత్తింది.
బయటోళ్లను రానీయగూడదని బోర్డుండాది.
విజిలు నా నోట్లోనే ఉండాది.
ఊదేదానికి ఊపిరి రాలేదు,
గాలంతా ఆమె చాట కింద పనిలో ఉన్నట్టుండాది.

గింజ నిలువునా కిందికి రాలింది.
పొట్టు ఎగిరి
కంపెనీవాళ్ల తెల్లటి టవరుకు అంటుకొని,
మిగిలింది గట్టు దాటిపోయింది.

పోతా పోతా నా టిపిని డబ్బాలో
రెండు దోసిళ్ల కొర్రలు పోసింది.
"ఇది మీ గాలి బాడుగ.
నేను బాకీ పెట్టేదాన్ని గాదని చెప్పు."

రాత్రి పదకొండుకు మళ్లీ ఫోను.
రెక్కలు కదిలినాయి.
టార్చి వెలుతుర్లో రిజిస్టరు తెరిచినా.
తేదీ ఉండాది, గాలి వేగానికి గడి ఉండాది,
మర ఆగిన టైముకు గడి ఉండాది.
కొర్రలు యాడ రాయాల్నో
తెల్లారిందాకా చూస్తానే ఉన్నా.